ఖాళీ బల్ల దగ్గర చేతులు కట్టుకుని

మా మేనేజరు సారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను మొదటి వ్యాను వెనక తలుపు మూస్తున్నాను. అన్నం, పప్పు గిన్నెలు ఎక్కేశాయి, గొళ్ళెం ఒక్కటే మిగిలింది. ఫోను మోగింది. సారు భార్య. "మీ సారు పొద్దున్నే చెరువు పక్కన నడుస్తా నడుస్తా కూలబడిపోయినాడు నాయనా. ఆస్పత్రికి తీసుకపోయే లోపలే అయిపోయింది" అన్నారు. ఫోను జేబులో పెట్టుకుని గొళ్ళెం వేయబోతే పడటం లేదు. రోజూ నేను వేసే గొళ్ళెమే. చివరికి డ్రైవరు దిగొచ్చాడు.

"జర జరుగన్నా, నేనేస్త. ఏమైంది, గట్లున్నవ్?"

"ముందు నువ్వు బయలుదేరు. లేటయితది" అన్నాను. వ్యాను గేటు దాటాక లోపలికి వెళ్ళి అందరికీ కబురు చెప్పాను.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. మోకరిస్తే ప్రార్థన సగంలో ఆగి, చెవులు వంటశాల చప్పుళ్ళ వైపు పోతాయి. అందుకే ఇది రాస్తున్నాను, కనీసం చేతులకైనా పని ఉంటుందని.

ఈ పత్రిక చదివే సహోదరీ సహోదరులారా, నెలనెలా ఈ పేజీలో నేను వాక్యం రాస్తానని మీకు తెలుసు. నా గొంతు సంగతి కూడా తెలుసు. మియాపూర్‌లో మన ఆదివారం కూడికలో మైకు పాడైన రోజున కూడా ఎదురు అపార్టుమెంటు వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నేను ఏ బైబిలు కాలేజీ మెట్లూ ఎక్కలేదు. గ్రంథం చంకలో పెట్టుకుని బస్సులో చదివి, పొయ్యిల దగ్గర చదివి, అర్థం కాని చోట దేవుణ్ణే నిలదీసి నేర్చుకున్నవాణ్ణి. ఈ నెల వాక్యం బదులు ఒక మనిషిని గురించి రాస్తాను. ఆయన మన కూడికకు ఒక్కసారీ రాలేదు. నుదుట కుంకుమబొట్టు లేకుండా ఆయన్ను నేను చూడలేదు. "మనవాడు కాదు కదా బ్రదర్" అనేవాళ్ళు మీలో ఉంటారు. అనండి. నా పొరుగువాడెవడని అడిగినవాడికి ప్రభువు చెప్పిన కథలో, దారిలో పడి ఉన్నవాణ్ణి లేపి కట్టు కట్టిన ఆ పరాయివాడు ఏ జాతివాడో, ఏ కొండమీద మొక్కేవాడో గ్రంథం తెరిచి చూసుకుని, ఆ తర్వాత నాతో మాట్లాడండి.

మాది బాలానగర్‌లో ఒక పెద్ద వంటశాల. పూర్వం మరలు తిరిగిన షెడ్డులో ఇప్పుడు పొయ్యిలు మండుతున్నాయి. అక్కడ వండిన భోజనం హైటెక్ సిటీ టవర్లలోని ఆఫీసులకు మధ్యాహ్నానికి చేరాలి. వ్యాన్లు పంపడం నా పని. చపాతీల దగ్గర యాదమ్మ, ఆమెతో ఇంకొందరు ఆడవాళ్ళు. యజమానురాలు భీమవరం వైపు నుంచి వచ్చినావిడ, మేడం అంటాం. చెడ్డమనిషి కాదు, కంగారుమనిషి. ఆఫీసుల నుంచి వచ్చే ప్రతి ఫోనూ ఆమె గుండెలోనే మోగుతుంది.

మేనేజరు సారుది అనంతపురం వైపు. బాలానగర్‌లోనే ఒక కర్మాగారంలో యంత్రభాగాల పనిలో జీవితమంతా గడిపి, అది మూతపడ్డాక మా దగ్గరికి వచ్చారు. వచ్చిన రోజున ఆయనకు ఒక కుర్చీ, ఒక మేజా చూపించాం. కుర్చీ మీద ఉల్లిపాయల బస్తా పెట్టించారు. "నేల మీద పెడితే చెమ్మ తగులుతుందప్పా" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ బస్తా దిగలేదు, ఆయన కూర్చోలేదు. చొక్కా జేబు నిండా వేయించిన పల్లీలుండేవి, ఆయన మాటలో చెనిక్కాయలు. మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుగు గింజలు అవతలివాడి అరచేతిలో పోసేవారు. చేయి చాపితే నోరు మూతపడుతుందని ఆయన లెక్క. నాకు మాత్రం ఎప్పుడూ గుప్పెడు పోసేవారు.

మా మొదటి పోట్లాట చీమ దగ్గర వచ్చింది. సోమరిపోతా, చీమను చూసి నేర్చుకో అన్న వాక్యాన్ని నేను పొయ్యిల ఎదుటి గోడ మీద ఎర్రరంగుతో రాయించాను. సారు వచ్చి, తల వెనక్కి వంచి చదివారు.

"పాస్టరప్పా, చీమల్ని నువ్వు చూసినావా?"

నేను పాస్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు. "వాక్యంలో ఉంది సార్" అన్నాను.

"వాక్యంలో చూడమని ఉండాది కదా, చూసినావా అని అడుగుతాండా. మన చక్కెర డబ్బా కాడికి రా." తీసుకెళ్ళి వంగి చూపించారు. "ఇదిగో, ఇది మోస్తాంది. ఇది ఉత్తచేతుల్తో తిరుగుతాంది. అదిగో, ఆ పక్కన గుంపు నిలబడింది చూడు, ఏ పనీ లేదు. అన్నీ ఒకేసారి ఎగబడితే ఆ బెజ్జంలో పట్టవప్పా. దోవ వదిలినాయి."

నాకు ఒళ్ళు మండింది. నా దేవుని వాక్యానికి కడపటి మాట ఈయన చెప్పడమేమిటి? కానీ చీమలు నిజంగానే అక్కడ నిలబడి ఉన్నాయి. కోపంతోనే ఆయన పోసిన చెనిక్కాయలు నమిలాను.

ఆయన పనితీరు మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఒకరోజు పొద్దున వచ్చి, వ్యాన్లు వెళ్ళేదాకా నేల ఊడవొద్దని ఆర్డరు వేశారు. చపాతీల దగ్గర రాలిన పిండి నేలంతా పరుచుకుంది. వ్యాన్లు వెళ్ళాక అందరినీ గోడకు జరగమని, ఆ పిండిలో పడ్డ అడుగుల గుర్తులు చూస్తూ అంచుల వెంట తిరిగారు.

"గదేంది, సారు ముగ్గు చూస్తుండు!" అని యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "బాగున్నదా సారూ? చుక్కలు గిట్ల తప్పినయా?"

"ముగ్గు బాగుందమ్మా. పనే బాగలేదు. పెనం కాణ్ణుంచి నీళ్ళ డ్రమ్ముకు, డ్రమ్ము కాణ్ణుంచి పిండి బస్తాకు, మళ్ళ పెనానికి. ఇదంతా నీ పాదమేనా?"

"ఇంకెవరిదుంటది? నాకేమన్న మోటరున్నదా?"

మర్నాడు డ్రమ్మూ బస్తా ఆమె పీట పక్కకు వచ్చాయి. సాయంత్రం యాదమ్మ మోకాలు తడుముకుని, "ముగ్గు సారు మంచిగనే చూసిండు" అన్నది. అప్పటి నుంచి ఆడవాళ్ళలో ఆయన పేరు ముగ్గుసారే.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక దశలో చపాతీలు తోలులా ఉంటున్నాయని ఆఫీసుల నుంచి మాట మొదలైంది. మేడం నా మీద కేకలేస్తే నేను చపాతీల వాళ్ళ మీద కేకలేశాను, వాక్యంతో సహా. మేమంతా ఏం చేశామో వినండి. మాట పడ్డ ప్రతిసారీ మర్నాడు పెనం ఇంకాస్త ముందు పెట్టాం. తొందరగా చేస్తే తొందరగా పోతుంది, తొందరగా పోతే వేడిగా ఉంటుందని మా తెలివి. యాదమ్మ వాళ్ళు తిండి తినకుండానే పీటల మీద కూర్చునేవాళ్ళు. వ్యాన్లు సూర్యుడితో పందెం వేసినట్టు బయలుదేరేవి. చపాతీలు మాత్రం ఇంకా తోలైపోయాయి.

సరిగ్గా అప్పుడే అదే టవరులో ఇంకో కంపెనీ మా భోజనం కావాలన్నది. దాదాపు రెట్టింపు పని. మేడం సారునూ నన్నూ షెడ్డు బయట నిలబెట్టి చెప్పింది. "చూడండి సార్, ఉన్న చపాతీలకే మాట పడుతున్నాం. నేను చపాతీల మిషను తెప్పించేస్తానండి. ఆ ఆడవాళ్ళకి వేరే ఎక్కడైనా పని దొరుకుతుంది. నన్నేం చెయ్యమంటారు, ఆర్డరు పోతే అందరం రోడ్డు మీదే కదండీ?"

తలుపు చాటున యాదమ్మ ఉంది. విన్నది. లోపలికి వెళ్ళి పీట మీద కూర్చుంది గాని చేయి కదల్లేదు. ఆమె భర్త మంచం మీద ఉన్నాడని, ఆ పెనం వేడి మీదనే ఆ ఇల్లు నిలబడిందని మా అందరికీ తెలుసు.

సారు ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు. యాదమ్మే ముందు అన్నది. "మేం చెయ్యి ఆపుతలేం సారూ. ఇగ ఎట్ల జెయ్యాలె చెప్పుండ్రి? రెండు చేతుల తోని నాలుగు చేతులంత చేస్తున్నం."

"నీ చేతుల మాట నేనడగలేదమ్మా. నువ్వు కాల్చినంక ఆ చపాతీ యాడికి పోతాంది?"

"డబ్బాలకు."

"డబ్బాల్నుంచి?"

"అన్న వ్యానుకు." నన్ను చూపించింది.

"వ్యాను నుంచి?"

యాదమ్మ నా వైపు చూసింది. నేను, "టవరుకు పోతుంది సార్, ఇంకెక్కడికి" అన్నాను.

"పోయి ఏం చేస్తాంది?"



సారు అడిగితే మేడం ఆ నెలాఖరు దాకా గడువిచ్చింది. సారు మర్నాడు నన్ను వ్యాన్లో ఎక్కించుకుని టవరు సెల్లార్‌కు తీసుకెళ్ళారు. ఒక స్తంభం పక్కన నిలబెట్టి, "చేతులు కట్టుకో. మాట్లాడొద్దు. ఎవుర్నీ తిట్టొద్దు, ఏదీ మోయొద్దు. చూడు" అన్నారు. నాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. నేను నిలబడి చూసే మనిషిని కాను, దూకే మనిషిని. పదిమంది తోసుకుంటుంటే నోరు మూసుకుని నిలబడటం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. నాలుక మీద యెషయా, యిర్మీయా ప్రవక్తలందరూ లేచి నిలబడ్డారు. సారు ఒక చూపు చూశారు. మింగాను.

అప్పుడు కనిపించింది. ఆ టవరుకు సామాన్లు మోసే లిఫ్టు ఒక్కటే. భోజనాలు తెచ్చే వాళ్ళందరూ ముందు మేమంటే ముందు మేమని ఒకే వేళకు దిగుతున్నారు. లిఫ్టులో నాలుగు హాట్‌బాక్సులు పట్టేసరికి తలుపు మూతపడుతోంది. మా వ్యాను నిండా హాట్‌బాక్సులు, అన్నీ ఒకేసారి దింపి నేల మీద వరసగా పేర్చాం. మొదటివి పైకి వెళుతుంటే చివరివి అక్కడే ఆవిరి పట్టి, మెత్తబడి, తర్వాత చల్లబడి, తోలవుతున్నాయి. యాదమ్మ కాల్చిన సేపు కంటే చపాతీ ఆ సెల్లార్‌లో పడుకున్న సేపే ఎక్కువ. మేము ఎంత ముందు చేస్తే అంత సేపు పడుకోబెడుతున్నాం. వేగం అనుకుని బాలానగర్ నుంచి మేము మోసుకొచ్చింది ఎదురుచూపులనే.

"ఇరుకు యాడుందో చూడకుండా మనిషిని తిట్టేది శానా సులువప్పా" అన్నారు సారు. చెనిక్కాయలు పోశారు.

ఆయన చేసిన ఏర్పాటు చెబితే ఇంతేనా అంటారు. వేడి నిలిచే అన్నం, పప్పు ముందు వెళ్ళాలి. చపాతీలు అన్నిటికంటే వెనక, లిఫ్టు దగ్గర తొక్కిడి తగ్గే వేళకు, చిన్న చిన్న మోతలుగా. ఒక వ్యాను నిండా ఒకేసారి కాదు, లిఫ్టులో పట్టినంతే ఒక విడత. అంటే పెనం ఆలస్యంగా పెట్టాలి. తోలు చపాతీలకు మందు ఆలస్యం!

మొదటి రోజు నా ప్రాణం నాలో లేదు. పొయ్యిలు చల్లగా ఉన్నాయి. ఆడవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అలా కూర్చోవడం వాళ్ళకే సిగ్గుగా ఉంది. యాదమ్మ లేచి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది. మేడం ఫోను మీద ఫోను. "మొదలుపెట్టారాండీ? ఇంకా పెట్టలేదా? అయ్యో రామా!"

"సార్, ఇగ పెట్టొద్దా?" అని నేను.

"ఇంకా లేదు."

"సార్, ట్రాఫిక్..."

"పాస్టరప్పా, ఆ మామగారి కథ చెప్పు."

మోషే మామగారి కథ ఆయనకు ఇష్టం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనమంతా ఒక్క మోషే ముందు బారులు తీరి నిలబడితే, చుట్టపుచూపుగా వచ్చిన మామగారు చూసి, ఇట్లా అయితే నువ్వూ నలిగిపోతావు, నీ జనమూ నలిగిపోతారు, పెద్దల్ని పెట్టి పని పంచు అన్నాడు కదా. నేను ఎన్నిసార్లు చెప్పినా సారు కొత్తగా విన్నట్టు వినేవారు. "వచ్చిన రోజే చెప్పలేదు చూసినావా ఆ పెద్దాయన! మర్నాడు నిలబడి చూసినంకనే నోరు తెరిచినాడు." జనాన్ని పచ్చగడ్డి మీద పంక్తులుగా కూర్చోబెట్టి రొట్టెలు పంచిన సంగతి చెప్పినప్పుడైతే తొడ చరిచారు. "ముందు కూర్చోబెట్టినాడా? అదప్పా! లేకపోతే ముందర ఉన్నోడికే రొట్టె, వెనకోడికి తొక్కిడి. మీ స్వామి పని తెలిసినోడు!" అద్భుతాన్ని ఆయన వరసల్లో చూశారు. నేను ముప్పై ఏళ్ళుగా ఆ భాగం చెబుతున్నాను, ఆ పంక్తుల మీద ఒక్క ఆదివారమూ ఆగలేదు.

ఆ రోజు కథ అయ్యాక ఆయన నిలబడి, "పెట్టమ్మా పెనం" అన్నారు. యాదమ్మ పెనం పెట్టిన చప్పుడు నాకు ఆమేన్ లాగా వినిపించింది.

చపాతీలు వేడిగా చేరాయి. మర్నాడూ చేరాయి. నెలాఖరుకు కొత్త ఆర్డరు కూడా అదే పీటలు, అదే పెనాలతో నడిచింది. అడుగులు తగ్గి, తొక్కిడి తగ్గి, ఆ చేతులకు అంతకుముందు లేని తీరిక దొరికింది. మిషను మాట అప్పటికి పోయింది. యాదమ్మ వాళ్ళు ఇంట్లో ఇంత తిని పనికి రావడం మొదలైంది. సారు దాన్ని కూడా పని కిందే లెక్కగట్టారు. "ఆకలితో ఒత్తిన చపాతీ గుండ్రంగా రాదు" అనేవారు.

ఆ తర్వాతే ఖాళీ బల్ల వచ్చింది. సర్దే బల్లలు వరసగా ఉంటాయి. ఒకరు కూర పెడితే ఒకరు మూత పెడతారు, ఒకరు డబ్బా సర్దుతారు. ఆ వరస మధ్యలో ఒక బల్లను సారు ఖాళీగా ఉంచారు. దాని మీద గరిటె కూడా పెట్టనిచ్చేవారు కాదు. మేడం తట్టుకోలేకపోయింది.

"ఇంత అద్దె పోసే షెడ్డులో ఖాళీ బల్ల ఏంటండీ సార్? ఇంకో ఇద్దరు నిలబడి సర్దొచ్చు కదా?"

"అది ఖాళీగా లేదమ్మా. పని చేస్తాంది. మీకు కనపడేది లేదు, అంతే."

నాకూ కనపడలేదు. కానీ ఒకసారి, పొలం అంచుల దాకా కోసుకోవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది పేదవాడికి, పరదేశికి వదిలెయ్యి అన్న ఆజ్ఞ గురించి చెప్పాను. సారు నమలడం ఆపేశారు. "అంటే నూటికి నూరూ పిండుకోవద్దనే కదా? అంచు వదలమని! ఎవరప్పా అది రాసినాయన, ఫ్యాక్టరీ నడిపినట్టుండాడే!" ఆ రోజు ఆయన ఆ బల్లను అరచేత్తో నిమిరారు. బిడ్డ తల నిమిరినట్టు. నేను ఆయన్ను దేవునివైపు లాగుదామని చెప్పిన ప్రతి కథనూ ఆయన తన షెడ్డులోకి లాక్కునేవారు. ఎవరు ఎవరిని లాగారో ఇప్పుడు నాకు తెలియదు.

ఆయన పోయిన రోజు మేము వంట ఆపలేదు. ఆపుదామని కొందరన్నారు. యాదమ్మ కళ్ళు తుడుచుకుని, "పెనం మీద ఉన్నదాన్ని మాడిస్తే సారు ఊకుంటడా?" అన్నది. చివరి విడత చపాతీలు వెళ్ళాక, తిరిగొచ్చిన అవే వ్యాన్లలో ఎక్కి ప్రగతి నగర్‌లో సారు ఇంటికి వెళ్ళాం. సాంబారు వాసన కొట్టే ఆ వ్యాన్ల నేల మీద ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ ఇంటి ముందు మేమంతా ఒక్కసారిగా దిగబోతే యాదమ్మే ఆపింది. "ఒకరెనక ఒకరు పోవాలె. లోపల జాగ లేదు." సారు పక్కనే ఉండి చెప్పించినట్టు అనిపించింది.

దినాలు అయ్యాయో లేదో కొత్త ఆర్డరు వచ్చింది. దానితో పాటే మిషను మాటా తిరిగొచ్చింది. మేడం గొంతులో ఈసారి కంగారు కంటే దిగులు ఎక్కువ ఉంది. "సార్ ఉంటే ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు నేనెవర్ని అడగనండీ? మిషనైతే చెప్పినట్టు చేస్తుంది. రేపు కొలతలకి వస్తారు బ్రదర్, ఆ ఖాళీ బల్ల బయట పెట్టించేయండి. మిషను అక్కడ పట్టేస్తుంది."

యాదమ్మ నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఈసారి మాకు ముగ్గుసారు లేడు. నువ్వే గట్టిగ చెప్పాలె. గా గొంతు దేవుడు నీకెందుకిచ్చిండు, మా మీద అరవనీకేనా?"

ఆ మాట బస్సులో నాతోపాటు మియాపూర్ దాకా వచ్చింది. ఏ వాక్యం ఎక్కడ విసరాలో అంతా సిద్ధం చేసుకున్నాను. కూలివాని మొర దేవుని చెవిన పడుతుందన్న చోటు దగ్గర రిబ్బను కూడా పెట్టుకున్నాను. మర్నాడు వంట వేళకు మేడం వచ్చింది. నేను నోరు తెరిచాను. తెరిచాక ఆ సెల్లార్ స్తంభం గుర్తొచ్చింది.

"మేడం" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "కొలతలాయన వచ్చేలోపు, ఈ పూట భోజనం బయటికి వెళ్ళేదాకా ఇక్కడ నిలబడండి. చేతులు కట్టుకుని. ఏం చెయ్యొద్దు, చూడండి అంతే. ఆ తర్వాత మీ ఇష్టం."

"నాకంత టైమెక్కడుందండీ?" అన్నది. కానీ నిలబడింది. సారు నిలబడే చోటు అదేనని ఆమెకూ తెలుసు. భుజాన ఉన్న హ్యాండ్‌బ్యాగు తీసి, అలవాటుగా, ఎదురుగా ఖాళీగా కనిపించిన బల్ల మీద పెట్టింది. ల్యాప్‌టాపు సంచీ దాని పక్కన. ఫోను దాని మీద.

తీయమనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. యాదమ్మ నా కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపింది.

బల్లలు కదిలాయి. కూర, మూత, డబ్బా. కాసేపటికి ఒక ట్రేలో మూతలు కలిసిపోయాయి. పెద్ద డబ్బాలకు చిన్న మూతలు వచ్చాయి. రోజూ జరిగేదే. సర్దే ఆమె ఎప్పటిలాగే ఆ ట్రేను ఎత్తి ఖాళీ బల్ల వైపు తిరిగింది. బల్ల మీద బ్యాగు ఉంది. మేడం బ్యాగును ముట్టుకోవాలంటే భయం. ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె వెనక కూర పెట్టే ఆమె ఆగింది. ఆమె వెనక డబ్బాలు పేరుకున్నాయి. ఇటు యాదమ్మ కాల్చిన చపాతీలు తీసుకునే చేయి లేక దొంతరగా లేచి, దొంతర మధ్య నుంచి ఆవిరి రావడం మొదలైంది. ఎవరూ అరవలేదు. నా జీవితంలో నేను చేసిన అతిపెద్ద ప్రసంగం ఆ నిమిషంలో నోరు మూసుకోవడమే.

మేడం ట్రే పట్టుకున్నామెను చూసింది. పేరుకున్న డబ్బాలను చూసింది. చపాతీల దొంతరను చూసింది. ఆ చూపు వరస వెంట నడుచుకుంటూ వచ్చి తన బ్యాగు మీద ఆగింది.

"అయ్యో" అన్నది.

ఫోను తీసింది. సంచీ తీసింది. బ్యాగు తీసి భుజానికి తగిలించుకుంది. ట్రే బల్ల మీద దిగింది. సర్దే ఆమె చేతులు ఖాళీ అయ్యాయి. వరస మళ్ళీ కదిలింది. మూతలు సరిచేసిన ట్రే ఏ తొందరా లేకుండా తన చోటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎంతసేపు నిలబడిందో, మేడం ఆ బరువు ఎక్కడా దించలేదు. బ్యాగు జారితే పైకి లాక్కుంటూ, ఫోను మోగితే నొక్కేస్తూ నిలబడింది. చివరి విడత చపాతీలు వ్యానుకు వచ్చే వేళకు నా దగ్గరికి వచ్చింది. "ఆ కొలతలాయన్ని ఇవాళ రావద్దని చెప్పండి బ్రదర్." వ్యాను వైపు చూసింది. "రేపు నేనూ వ్యాన్లో వస్తాను. ఆ సెల్లార్‌లో సార్ ఎక్కడ నిలబడేవారో చూపిస్తారా?"

రేపటి తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. మిషను రాదని నేను మీకు వాగ్దానం చేయలేను. నాకు కుదురూ ఇంకా రాలేదు. గొళ్ళెం వేస్తూ వెనక్కి తిరిగి చూశాను. యాదమ్మ తడిగుడ్డతో ఖాళీ బల్లను తుడుస్తోంది. దాని మీద ట్రే దించిన చోట నీటి చారలు చెరిగిపోయాయి. తుడిచాక ఆమె నడుం నిలబెట్టి, సారు జేబులోంచి ఎప్పుడో రాలినవేమో, బల్ల కాలి సందులో దొరికిన రెండు చెనిక్కాయ గింజలను అరచేతిలో పెట్టుకుని చూసింది. బల్ల మీద పెట్టలేదు. కొంగున ముడి వేసుకుంది.